60 వేలు, 10 బై 10 గది, సెకండ్ హ్యాండ్ పరికరాలు: ఏది ముందు కొనాలి, ఏది వదిలేయాలి

మీ ప్రశ్నను ముందు నా మాటల్లో చెప్పుకుంటాను, ఎందుకంటే నేను చెప్పబోయేదంతా అందులోని వివరాల మీదనే ఆధారపడి ఉంది. నిజాంపేటలో మీది 10 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు ఉన్న గది. చేతిలో 60 వేల రూపాయలున్నాయి. ఆఫీసులో వాడి తీసేసిన ల్యాప్‌టాప్ ఒకటి, చిన్నప్పుడు నాన్నగారు కొనిపెట్టిన యమహా కీబోర్డు ఒకటి ఇంట్లో ఉన్నాయి. ఒక సింథసైజర్ (కరెంటుతో శబ్దాలను తయారుచేసే వాయిద్యం), ఒక డ్రమ్ మెషీన్, ఒక మిక్సర్ (పలు వాయిద్యాల శబ్దాలను కలిపే పెట్టె), స్టూడియోలో వాడే ఒక జత మానిటర్ స్పీకర్లు కలిపి గుత్తగా 55 వేలకు ఇస్తానని ఒకాయన అంటున్నారు. ఎలక్ట్రానిక్ సంగీతం చేయడానికి ఇది మంచి ఆరంభమేనా అని అడిగారు.

ఆ బేరం వదిలేయండి. ఆయన చెప్పిన ధర ఎక్కువని నేననడం లేదు. ఆ నాలుగు వస్తువుల్లో మీకు ఇప్పుడు అవసరమైనది ఒక్కటే ఉంది; తప్పనిసరిగా కావలసిన ఆడియో ఇంటర్‌ఫేస్ (శబ్దాన్ని ల్యాప్‌టాప్‌లోకి, అక్కడి నుంచి బయటికి చేర్చే పెట్టె), మంచి హెడ్‌ఫోన్ అందులో లేవు; పైగా వాటిని ఇంటికి తెచ్చుకున్నాక మీ దగ్గర మిగిలే 5 వేలతో ఒక్క అడాప్టర్ కాలిపోయినా పని ఆగిపోతుంది.

నేను 18 ఏళ్లుగా హైదరాబాద్‌లో ఇంటి దగ్గరే సంగీతం చేసుకుంటున్నాను, తెలిసినవారి కీబోర్డులు విప్పి బాగుచేసి ఇస్తుంటాను. నా గదిలో ఉన్నవాటిలో ముప్పావు వంతు ఇతరులు వాడి అమ్మినవే. సెకండ్ హ్యాండ్‌లో డబ్బు మిగిలేది ధర తక్కువైనందువల్ల కాదని ఈ అనుభవం నాకు నేర్పింది. ఏ లోపాన్ని ఇంట్లో కూర్చుని 100 రూపాయల సామానుతో సరిచేసుకోగలమో, ఏ లోపాన్ని ఎవరూ సరిచేయలేరో, వస్తువును చేతిలోకి తీసుకున్న అరగంటలో గుర్తుపట్టగలిగితేనే డబ్బు మిగులుతుంది. అందుకే ఏం కొనాలనే దానికన్నా ఎలా చూసి కొనాలనే దాని గురించి ఎక్కువగా రాస్తున్నాను.

మీ దగ్గర ఉన్నవాటితో మొదలుపెడదాం. ల్యాప్‌టాప్‌లోని ఇంటెల్ ప్రాసెసర్ 8వ తరానిదో, ఆ తరువాతిదో అయితే దానితో నిశ్చింతగా పని చేయవచ్చు. విండోస్ 10కి సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది, అంతకన్నా పాత ఇంటెల్ ప్రాసెసర్లలో చాలావాటిని విండోస్ 11 అధికారికంగా అంగీకరించదు కాబట్టి ఆ తేడాను చూడాలి. పాతదైనంత మాత్రాన పారేయనక్కరలేదు. ఇంటర్నెట్‌కు కలపకుండా సంగీతానికి మాత్రమే కేటాయించుకోవచ్చు. ర్యామ్ 8 జీబీ ఉంటే మొదలుపెట్టవచ్చు, 16 ఉంటే హాయిగా ఉంటుంది. లోపల ఇంకా తిరిగే హార్డ్ డిస్క్ ఉంటే మాత్రం దాన్ని తీయించి ఎస్‌ఎస్‌డీ వేయించండి. సికింద్రాబాద్ పార్క్ లేన్‌లో అందరూ సీటీసీ అని పిలిచే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్తే ఈ పని మీ కళ్లెదుటే చేసి ఇస్తారు.

సాఫ్ట్‌వేర్‌కు ఇప్పుడు డబ్బు పెట్టవద్దు. రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ అయిన రీపర్‌ను 60 రోజులు ఉచితంగా వాడి చూడవచ్చు, నచ్చితే వ్యక్తిగత లైసెన్సు 60 డాలర్లు. సర్జ్ ఎక్స్‌టీ, డెక్సెడ్ పూర్తిగా ఉచితమైన సింథసైజర్లు. వైటల్‌కు కూడా ఉచిత రూపం ఉంది. 1983లో యమహా తెచ్చిన డీఎక్స్7 పనితీరును డెక్సెడ్ అనుకరిస్తుంది, ఆ వాయిద్యం కోసం ఇన్నేళ్లుగా జనం తయారుచేసి పంచుకున్న శబ్దాలను నేరుగా అందులోకి ఎక్కించుకోవచ్చు. ఇది ఎందుకు చెబుతున్నానంటే, రకరకాల శబ్దాల కోసం మీరు సింథసైజర్ కొనవలసిన అవసరం లేదు. అవి ల్యాప్‌టాప్‌లోనే కావలసినన్ని ఉన్నాయి. విడిగా ఒక వాయిద్యాన్ని కొనేది చేతితో నాబ్ తిప్పుతూ, చెవితో వింటూ శబ్దం ఎలా తయారవుతుందో నేర్చుకోవడానికే.

ఇక యమహా కీబోర్డు. దాని వెనుక ‘యూఎస్‌బీ టు హోస్ట్’ అని రాసి, చతురస్రాకారపు రంధ్రం ఉందేమో చూడండి. ఉంటే ప్రింటర్‌కు వాడే కేబుల్‌తో దాన్ని ల్యాప్‌టాప్‌కు కలిపితే సాధారణంగా చాలు, అదే మీ మిడీ కీబోర్డు, అంటే ల్యాప్‌టాప్‌లోని శబ్దాలను వాయించే కీబోర్డు అవుతుంది. దానిలోని సొంత శబ్దాలు మీకు అక్కరలేకపోయినా దాని మెట్లు (కీలు) అక్కరకొస్తాయి. అలాంటి రంధ్రం లేకుండా 5 చిల్లుల గుండ్రటి సాకెట్ ఉంటే, మధ్యలో చిన్న పెట్టె ఉన్న యూఎస్‌బీ-మిడీ కేబుల్ కావాలి. అతి చవక కేబుళ్లు స్వరాలను బాగానే పంపుతాయి గానీ, వాయిద్యంలోని శబ్దాలను భద్రపరచడానికి పంపే పొడవైన సందేశాలను మధ్యలో పోగొడతాయి. కాబట్టి ఇక్కడ కొంచెం మంచిది తీసుకోండి.

మిడీ గురించి ఒక మాట చెప్పాలి. వేర్వేరు కంపెనీల వాయిద్యాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి 1983లో రూపొందిన ఒప్పందం అది; సీక్వెన్షియల్ సర్క్యూట్స్‌కు చెందిన డేవ్ స్మిత్, రోలాండ్ స్థాపకుడు ఇకుతారో కకెహాషి దాని వెనుక ముఖ్యులు. ఆ గుండ్రటి తీగలో సమాచారం సెకనుకు 31,250 బిట్ల వేగంతో వెళ్తుంది, నాటికీ నేటికీ అదే వేగం. అందుకే 40 ఏళ్లనాటి సింథసైజర్ కూడా మీ ల్యాప్‌టాప్‌తో కలిసి వాయిస్తుంది. దీనికి పూర్తిగా భిన్నంగా, కంపెనీ ఇచ్చే డ్రైవర్ సాఫ్ట్‌వేర్ లేనిదే కదలని వస్తువులు 10 ఏళ్లకే ముసలివైపోతాయి. సెకండ్ హ్యాండ్ వస్తువు వయసును అది తయారైన సంవత్సరంతో కాకుండా ఈ ఆధారంతో లెక్కపెట్టండి.

ఆడియో ఇంటర్‌ఫేస్ విషయంలో ఇదే మొదటి పరీక్ష. చూడటానికి వెళ్లేముందే కంపెనీ సైట్‌లో మీ విండోస్‌కు ఆ మోడల్ డ్రైవర్ ఉందో లేదో చూసుకోండి. ఫైర్‌వైర్ తీగతో పనిచేసే పాత ఇంటర్‌ఫేస్‌లు ఎంత గొప్ప కంపెనీవైనా, ఎంత చవకగా వచ్చినా తీసుకోవద్దు. రెండు ఇన్‌పుట్లు ఉన్నది మీకు చాలు. ఫోకస్‌రైట్ స్కార్లెట్ 2ఐ2 మూడో తరానిది, అంటే 2019లో వచ్చినది, మన ఊళ్లో తరచుగా అమ్మకానికి కనిపిస్తుంది. మిక్సర్ వద్దనడానికి కారణం కూడా ఇదే: ఒక్కొక్క వాయిద్యాన్ని విడివిడిగా రికార్డు చేసుకునే మీకు రెండు ఇన్‌పుట్లు సరిపోతాయి, వాడిన మిక్సర్లలో ఫేడర్లన్నీ (శబ్దాన్ని పెంచి తగ్గించే జారుడు మీటలు) గరగరమంటుంటాయి, ఫంక్షన్లలో తిరిగి వచ్చినవైతే మరీను.

ఇంటర్‌ఫేస్‌ను పరీక్షించేటప్పుడు రెండు పనులు చేయండి. రెండు వైపులా పెద్ద పిన్ను ఉన్న కేబుల్‌తో దాని అవుట్‌పుట్‌ను దాని ఇన్‌పుట్‌కే కలిపి, ల్యాప్‌టాప్ నుంచి 1,000 హెర్ట్జ్ శబ్దాన్ని పంపి, వచ్చినదాన్ని రికార్డు చేయండి. నాబ్ కదిలించినప్పుడు శబ్దం తెగుతోందా, పంపడం ఆపాక బుస మిగులుతోందా అన్నది తేలిపోతుంది. రెండోది, కండెన్సర్ మైక్‌కు కావలసిన 48 వోల్టులు వస్తున్నాయో లేదో మల్టీమీటర్‌తో మైక్ సాకెట్‌లో 1, 2 పిన్నుల మధ్య చూడండి. మీరు మైక్ ఎప్పుడూ వాడకపోవచ్చు, కానీ అది రాకపోతే లోపల పవర్ భాగం దెబ్బతిందని అర్థం. అలాంటిదాన్ని వదిలేయండి. ఇంటికి తెచ్చాక బఫర్‌ను (ల్యాప్‌టాప్ ఒక్కోసారి తీసుకునే శబ్దపు ముక్క పరిమాణం) 128 శాంపిళ్ల దగ్గర పెట్టుకుంటే, సెకనుకు 44,100 శాంపిళ్ల లెక్కన ఒక వైపు ఆలస్యం 2.9 మిల్లీసెకన్లే అవుతుంది. 512 దగ్గర అది 11.6 అవుతుంది, తాళానికి అనుగుణంగా వాయించేటప్పుడు వేళ్లకు ఆ తేడా తెలుస్తుంది.

ఇప్పుడు స్పీకర్లు ఎందుకు వద్దంటున్నానో వివరంగా చెప్పాలి, ఎందుకంటే మొదటి సంవత్సరం ఎక్కువమంది డబ్బు వృథా అయ్యేది ఇక్కడే. 10 అడుగులంటే 3.05 మీటర్లు. శబ్దం గాలిలో సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది. ఎదురెదురు గోడల మధ్య మొదట నిలిచిపోయే తరంగం లెక్క 343ను 3.05కు రెట్టింపుతో భాగిస్తే వస్తుంది, అంటే దాదాపు 56 హెర్ట్జ్. పొడవులోనూ అంతే, వెడల్పులోనూ అంతే, మన అపార్టుమెంట్లలో పైకప్పు కూడా దాదాపు 10 అడుగులే కాబట్టి ఎత్తులోనూ దరిదాపు అంతే. మూడు దిక్కుల్లోనూ ఒకే శ్రుతి కూడబలుక్కున్నట్టు మోగే పెట్టె మీ గది. 55 హెర్ట్జ్ అంటే బేస్‌లోని ‘A’ అనే స్వరం. ఎలక్ట్రానిక్ సంగీతానికి ప్రాణమైన కిక్ డ్రమ్ కూడా సరిగ్గా ఆ చుట్టుపక్కలే ఉంటుంది. గది నడిమధ్యన కూర్చుంటే ఆ కిక్ మాయమైనట్టు అనిపిస్తుంది, గోడకు ఆనుకుంటే గుండెల మీద గుద్దినట్టు ఉంటుంది. లేదని పెంచుతారు, ఎక్కువైందని తగ్గిస్తారు. స్నేహితుడి కారులో వింటే అది మరొకలా ఉంటుంది. స్పీకర్ ఎంత మంచిదైనా ఈ గది దాన్ని నిజం చెప్పనివ్వదు.

కాబట్టి మొదటి ఏడాది హెడ్‌ఫోన్ మీద పని చేయండి. ఆడియో-టెక్నికా ఏటీహెచ్-ఎం40ఎక్స్, సోనీ ఎండీఆర్-7506, బేయర్‌డైనమిక్ డీటీ 770 ప్రో 80 ఓమ్‌ల రకం, ఈ మూడింటిలో ఏదైనా సరే. చెమట పట్టే మన వాతావరణంలో హెడ్‌ఫోన్‌ను కొత్తదే కొనమంటాను; వాడినది తీసుకుంటే చెవి మెత్తలు మార్చుకునే ఖర్చును ధరలో కలిపి చూసుకోండి. అదే సమయంలో గదిని కొద్దికొద్దిగా సిద్ధం చేసుకోండి. గోడలకు కోడిగుడ్ల అట్టలు అంటించవద్దు. అవి పై స్థాయి శబ్దాలను కాస్త చెదరగొడతాయే తప్ప 56 హెర్ట్జ్‌కు అవి ఉన్నా లేనట్టే. 4 అంగుళాల మందం ఉన్న రాక్‌వూల్ పలకలను చెక్క చట్రంలో బిగించి, మీద నేత గుడ్డ కప్పి, నాలుగు మూలల్లో నిలబెట్టండి. ఘనపు మీటరుకు 48 లేదా 64 కిలోల సాంద్రత ఉన్నవి సరిపోతాయి, రాణిగంజ్ వైపు ఇన్సులేషన్ సామాను అమ్మేవారిని అడగండి. కోసేటప్పుడు మాస్కు, చేతి తొడుగులు తప్పనిసరి. అంతవరకూ ఇంట్లోని పాత దూది పరుపును ఒక మూలన నిలబెట్టినా మాటల స్థాయి ప్రతిధ్వని స్పష్టంగా తగ్గుతుంది.

తరువాతెప్పుడైనా స్పీకర్లు చూడటానికి వెళ్తే, రెండింటినీ ఒకే శబ్ద స్థాయిలో పెట్టి బుస ఒకేలా ఉందో లేదో వినండి. కోన్‌ను (స్పీకర్ ముందు కదిలే గుండ్రటి పొర) నాలుగు వేళ్లతో సమంగా, మెల్లగా లోపలికి నొక్కండి. గీరుకుంటున్న చప్పుడు వస్తే కాయిల్ పక్కకు ఒరిగిందని అర్థం. కోన్ చుట్టూ ఉండే అంచు రబ్బరుదా, స్పాంజిదా చూడండి. స్పాంజి అయితే మన ఎండలకు కొన్నేళ్లలో పొడిపొడిగా రాలిపోతుంది.

ఇప్పుడు వాయిద్యం. రోలాండ్ 1981లో టీబీ-303 అనే చిన్న వెండి రంగు పెట్టెను తెచ్చింది. ఒంటరిగా సాధన చేసుకునేవారికి బేస్ గిటార్ తోడుగా ఉండాలన్నది దాని ఉద్దేశం, ఆ పని అది సరిగా చేయలేకపోయింది, 1984లో తయారీ ఆపేశారు. చవకగా సెకండ్ హ్యాండ్ దుకాణాలకు చేరిన ఆ పెట్టెను షికాగో కుర్రాళ్లు కొనుక్కుని, నాబ్‌లను ఉద్దేశించని విధంగా తిప్పి, యాసిడ్ హౌస్ అనే సంగీతాన్నే పుట్టించారు. అంతకు ముందే, 1982లో, ముంబయిలో చరణ్‌జీత్ సింగ్ అనే సినీ వాద్య కళాకారుడు అదే 303తో, 808 డ్రమ్ మెషీన్‌తో, జూపిటర్-8 సింథసైజర్‌తో మన రాగాలను రికార్డు చేసి పెట్టారు. ఈ సంగతి తలచుకున్నప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది. కానీ దీన్ని చదివి అసలు 303 వెంట పడవద్దు. ఇప్పుడు దాని ధర మీ బడ్జెట్‌కు ఎన్నో రెట్లు. అప్పట్లో ఎవరికీ అక్కరలేని పెట్టె కాబట్టే అది వాళ్ల చేతికి అందింది. ఇప్పుడు కూడా పేరును కాకుండా, మీ చేతికి అందే పెట్టెలోని నాబ్‌లను చూడండి.

మీకు నేను సూచించేది కోర్గ్ మోనోలాగ్. ఒకసారికి ఒకే స్వరం పలుకుతుంది, 16 స్టెప్‌ల సీక్వెన్సర్ (స్వరాల వరుసను గుర్తుంచుకుని తిరిగి వాయించేది) ఉంది, చాలా నాబ్‌లకు ఒక్కొక్కదానికి ఒక్కటే పని, తెర మీద తరంగం ఆకారం కనిపిస్తూ ఉంటుంది కాబట్టి ఫిల్టర్ (శబ్దంలో కొంత భాగాన్ని వడకట్టే నాబ్) తిప్పితే ఏం జరుగుతోందో కంటికీ తెలుస్తుంది. మరొక ముఖ్యమైన కారణం, దానిలో స్వరస్థానాలను మనకు కావలసినట్టు సెంట్ల లెక్కన (ఒక అర్ధస్వరంలో నూరో వంతు ఒక సెంటు) జరుపుకోవచ్చు. రాగంలో గాంధారం కాస్త కిందుగా పలకాలంటే ఈ సౌకర్యం చాలా విలువైనది. గమకం కోసం స్వరాన్ని వంచే మీట కూడా ఉంది. ఇది దొరక్కపోతే ఆర్చురియా మైక్రోఫ్రీక్ చూడండి. దాని మెట్లు కదలని తాకుడు పలక కాబట్టి దుమ్ము దూరే సందే లేదు. డ్రమ్ మెషీన్ పని ఆరు నెలల పాటు ల్యాప్‌టాప్ చేస్తుంది. ఆ తరువాత కోర్గ్ వోల్కా లాంటిది కలుపుకోవచ్చు, అయితే వోల్కాలలో చాలావాటికి మిడీ లోపలికి వచ్చే దారే ఉంటుంది గానీ బయటికి వెళ్లే దారి ఉండదని గుర్తుంచుకోండి.

ఎలా పరీక్షించాలో ఒక అనుభవంతో చెబుతాను. గత ఏడాది ఒక మిత్రుడి కూతురి కోసం మల్కాజ్‌గిరిలో ఒక ఫ్లాటుకు మోనోలాగ్ చూడటానికి వెళ్లాను. పై చదువుకు విదేశం వెళ్తున్న కుర్రాడు, తువ్వాలులో చుట్టి బీరువాలో పెట్టిన పెట్టెను తీసి డైనింగ్ టేబుల్ మీద పెట్టాడు. నా హెడ్‌ఫోన్ పెట్టుకుని, ఒక స్వరం ఆగకుండా మోగేలా చేసి, ఒక్కొక్క నాబ్‌ను ఈ చివర నుంచి ఆ చివరకు మెల్లగా తిప్పాను. ఫిల్టర్ నాబ్ మొదటి పావు వంతులో చరచరమంది. దాన్ని వేగంగా 30 సార్లు అటూ ఇటూ తిప్పాక చప్పుడు సగానికి తగ్గింది. అంటే అది దుమ్మే, అరుగుదల కాదు, కాంటాక్ట్ క్లీనర్‌తో పోతుంది. తరువాత ప్రతి మెట్టునూ ముందు మెల్లగా, తరువాత గట్టిగా నొక్కాను. రెండు మెట్లు ఎంత సున్నితంగా నొక్కినా గట్టిగానే మోగాయి. అడాప్టర్ పిన్నును సాకెట్‌లోనే కొంచెం కదిపితే తెర ఆరిపోయి మళ్లీ వెలిగింది. అది లోపల టంకం పగిలిన గుర్తు. మొబైల్ ఫోన్ల చార్జింగ్ సాకెట్లు మార్చేవారు ఎవరైనా దాన్ని పావుగంటలో సరిచేస్తారు. ఈ మూడు లోపాలనూ ఆ అబ్బాయికే చూపించి, దాచకుండా చెప్పి, ధర తగ్గించమని అడిగాను, ఒప్పుకున్నాడు.

నేను లేచి వచ్చేసే సందర్భాలు వేరు. పెట్టెను 20 నిమిషాలు వేడెక్కనిచ్చి, దానంతట అది శ్రుతి సరిచేసుకునే సౌకర్యాన్ని నడిపాక కూడా రెండు ఆసిలేటర్లలో (మూల శబ్దాన్ని పుట్టించే భాగాలు) ఒకటి శ్రుతిలోకి రాకపోతే, తెర సగం ఆరిపోయి ఉంటే, అన్ని నాబ్‌లూ ఒకేసారి పిచ్చి విలువలు చూపిస్తుంటే ఆ బేరం ముగిసినట్టే. అవి లోపలి చిప్పులకు సంబంధించినవి, విడిభాగం దొరకదు, దొరికినా ఆ సన్నటి టంకం పని చేసేవారు అరుదు. నీరు పడిన ఆనవాళ్లు, అంటే స్క్రూల తలల మీద తుప్పు, సాకెట్లలో పచ్చటి పొర ఉంటే పరీక్షించనే అక్కరలేదు. బ్యాటరీలు వేసే చోట మూత తీసి తప్పక చూడండి. కారిన బ్యాటరీ తెల్లటి పొడి స్ప్రింగుల వరకే ఉంటే తుడవవచ్చు, లోపలి బోర్డు దాకా పాకి ఉంటే వద్దు.

ఆ రెండు మెట్ల సంగతి. ప్రతి మెట్టు కింద రబ్బరు స్ట్రిప్పులో రెండు నల్లటి చుక్కలు ఉంటాయి. ఒకటి ముందు తాకుతుంది, రెండోది క్షణం తరువాత తాకుతుంది. ఆ మధ్య పట్టిన సమయాన్ని బట్టే ఎంత గట్టిగా నొక్కామో వాయిద్యానికి తెలుస్తుంది. మొదటి చుక్క మీద దుమ్ము ఉంటే అది ఆలస్యంగా అందుకుంటుంది, రెండూ ఒకేసారి తాకినట్టు అవుతుంది, అందుకే మెల్లగా నొక్కినా గట్టిగా మోగుతుంది. ఆ రాత్రి ఇంట్లో వెనుక పలక విప్పి, ఏ వరుస స్క్రూలను ఆ వరుసలో వేర్వేరు స్టీలు గిన్నెల్లో వేసుకుని, స్ట్రిప్పును ఒక చివర నుంచి మెల్లగా ఊడదీశాను. బోర్డు వైపు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన బడ్స్‌తో తుడిచాను, దూది బూడిద రంగుకు తిరిగింది. నల్ల చుక్కలను మాత్రం పొడి బడ్స్‌తోనే తుడవాలి, సాండ్‌పేపర్ తగిలిస్తే ఆ పూత పోయి మెట్టు శాశ్వతంగా మూగబోతుంది. 10 నిమిషాలు ఆరనిచ్చి బిగించాను, రెండు మెట్లూ మామూలుగా పలికాయి. నాబ్‌లలో తుప్పు వదిలించే స్ప్రేలు కొట్టవద్దు, అవి జిడ్డును మిగిల్చి మరింత దుమ్మును పట్టుకుంటాయి. ఎలక్ట్రానిక్ కాంటాక్ట్ క్లీనర్ అని అడిగి తీసుకోండి. కోఠిలోని గుజరాతీ గల్లీలో అదీ, మల్టీమీటరూ, సాకెట్లూ అన్నీ దొరుకుతాయి.

కరెంటు విషయంలో చాలా జాగ్రత్తగా ఉండండి, ఎందుకంటే ఇక్కడ జరిగే పొరపాటుకు రెండో అవకాశం ఉండదు. మోనోలాగ్, వోల్కాలు 9 వోల్టుల అడాప్టర్‌తో నడుస్తాయి, పిన్ను మధ్యలో ప్లస్. గిటార్ పెడళ్లకు వాడే అడాప్టర్ కూడా 9 వోల్టులే, పిన్ను చూడటానికి ఒకటిగానే ఉండవచ్చు, కానీ దాని మధ్యలో మైనస్. అడాప్టర్ మీద వృత్తం బొమ్మతో ఈ సంగతి ముద్రించి ఉంటుంది, వాయిద్యం వెనుక ఉన్న బొమ్మతో పోల్చి చూసిన తరువాతే గుచ్చండి. మన ఊళ్లో మరొక ప్రమాదం ఉంది. అమెరికా నుంచి బంధువులు తెచ్చిన వస్తువులు ఇక్కడ చాలా అమ్మకానికి వస్తాయి. న్యూజెర్సీ నుంచి మా బాబాయి కొడుకు తెచ్చిన డ్రమ్ మెషీన్‌ను నేను అడాప్టర్ చదవకుండానే గోడ ప్లగ్గులో పెట్టాను. బరువైన ఆ అడాప్టర్ మీద 120 వోల్టులని ఉంది, మన దగ్గర వచ్చేది 230. కాలిన వాసన వచ్చేసరికే అయిపోయింది. అడాప్టర్ మీద 100 నుంచి 240 వోల్టులని ఉంటే ఎక్కడిదైనా పెట్టవచ్చు. 120 అని ఒక్కటే ఉంటే, జపాన్ నుంచి వచ్చినదై 100 అని ఉంటే, దాన్ని పక్కన పెట్టి ఇక్కడి సరైన అడాప్టర్ కొనండి. అడాప్టర్ లేకుండా నేరుగా తీగ దూరే పెద్ద సింథసైజర్ అయితే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ ఖర్చును కూడా ధరలో కలపండి.

అన్నీ కలిపాక హెడ్‌ఫోన్‌లో సన్నటి గుర్రు వినిపిస్తే కంగారు పడకండి. ల్యాప్‌టాప్ చార్జర్ పీకి చూడండి; గుర్రు పోతే కారణం ఎర్తింగ్ దారిలో ఉంది. అన్ని పరికరాలనూ మూడు పిన్నుల ఎక్స్‌టెన్షన్ బోర్డు ఒక్కదానికే కలిపితే చాలావరకు తగ్గుతుంది, బ్యాలన్స్‌డ్ కేబుళ్లు (దారిలో పట్టే రొదను రద్దు చేసే తీగలు) వాడితే ఇంకా తగ్గుతుంది. గుర్రు పోతుందని ఎర్త్ పిన్నును ఎవరు విరగ్గొట్టమన్నా విరగ్గొట్టవద్దు, అది మీ ప్రాణానికి అడ్డుగా ఉన్న తీగ. పరికరం లోహపు భాగాన్ని తాకితే వేళ్లు జివ్వుమంటుంటే ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఇంటి ఎర్తింగ్ చూపించండి. కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ మీద పని చేసేట్లయితే అది సైన్ వేవ్ రకమేనా చూసుకోండి. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద రికార్డు చేసినదంతా రొదతో నిండుతుంది.

ఎక్కడ కొనాలి అంటే, అమ్మేవారి ఇంట్లో పగటిపూట, ప్లగ్గు, టేబుల్ ఉన్న చోట. ఓఎల్ఎక్స్‌లోనో, ఫేస్‌బుక్ గ్రూపుల్లోనో చూసి మెట్రో స్టేషన్ మెట్ల మీద చేతులు మార్చుకునే బేరాలకు నేను వెళ్లను. ఎర్రగడ్డ ఆదివారం సంతలో స్టాండ్లు, ర్యాకులు, పాత చెక్క సొరుగుల లాంటివి తీసుకోవచ్చు. పవర్ పెట్టి చూసే వీలులేని చోట ఎలక్ట్రానిక్ వస్తువు వద్దు. బిల్లు, సీరియల్ నంబర్ అడగండి. దొంగ వస్తువు కాదని అది కొంత భరోసా. పెట్టెతో పాటు వచ్చిన సాఫ్ట్‌వేర్ కోడ్లను మొదటి యజమాని వాడేసి ఉంటారు, వాటికి అదనంగా రూపాయి కూడా ఇవ్వవద్దు. బిల్లు, పెట్టె, అసలు అడాప్టర్ ఉన్నదానికి కొత్త ధరలో 60 శాతం దాకా, అవి లేనిదానికి సగం లోపు, ఇదే నేను పాటించే హద్దు.

మీ 60 వేలను నేనైతే ఇలా పెడతాను: వాయిద్యానికి 18 వేల వరకు, ఇంటర్‌ఫేస్‌కు 9 వేల వరకు, హెడ్‌ఫోన్‌కు 9 వేలు, గదికి 6 వేలు, ల్యాప్‌టాప్‌కు 5 వేలు, కేబుళ్లకు, ఎక్స్‌టెన్షన్ బోర్డుకు, మల్టీమీటర్‌కు కలిపి 4 వేలు. మిగిలిన 9 వేలను కదపవద్దు. ఏదో ఒక పరికరం మొదటి వానాకాలంలో మొరాయిస్తుంది, అప్పుడు ఆ డబ్బే కావాలి. ఈ మొత్తాల్లో మోనోలాగ్ దొరక్కపోతే తొందరపడి మరొకటి తీసుకోకుండా ఆగండి. ఏప్రిల్ నుంచి ఆగస్టు మధ్యలో పై చదువులకు వెళ్లే పిల్లలు సామాను అమ్మేస్తుంటారు, మంచివి ఎక్కువగా అప్పుడే నా కంటపడ్డాయి.

ఈ వారంలో మాత్రం ప్రింటర్ కేబుల్ ఒకటి తెచ్చి యమహాను ల్యాప్‌టాప్‌కు కలపండి, సర్జ్ ఎక్స్‌టీ తెరిచి ఏ హంగులూ లేని ప్రాథమిక శబ్దంతో మొదలుపెట్టి ఫిల్టర్ ఒక్కదాన్నే కదుపుతూ వినండి. కీబోర్డు వెనుక భాగాన్ని, ల్యాప్‌టాప్ కింద అతికించిన చీటీని ఫోటోలు తీసి పెడితే, ఏ కేబుల్ సరిపోతుందో, ఏ ర్యామ్ పడుతుందో చూసి చెబుతాను.